ఒడీల్ చట్టం

ఆగస్టా,
అక్టోబరు 3

ఒడీల్ అక్కా,

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా, చెవికి పెట్టుకుంటే లైనులో ఆగమని బీమా కంపెనీ వాళ్లు వినిపించే ఆ వయొలిన్ పాటే మోగుతోందే, పెట్టేయ్ అంటావు. తెర వెలుతురు నీ కళ్లకు పడదు కాబట్టి మెసేజీలూ లేవు. అందుకని రాజనీతి శాస్త్రంలో పట్టా పుచ్చుకున్న నీ చెల్లెలు తపాలా ఆఫీసులో ముసలమ్మల వెనక నిలబడి స్టాంపులు కొనుక్కొచ్చింది. నవ్వుకో.

సెనేటర్ థర్లో దగ్గర చేరి నెల దాటింది. ఆవిడ జీవితమంతా ఆవులు పెంచిన మనిషి. శాసనసభకి కూడా రబ్బరు బూట్లతోనే వస్తుంది. ఆవిడ సంచి మొయ్యడం, ఆవిడ మర్చిపోయిన పేర్లు చెవిలో ఊదడం, ఆవిడ పెట్టబోయే బిల్లు రాయడం నా పని. ఆ బిల్లు దేని గురించో తెలిస్తే కుర్చీలోంచి లేస్తావు. ముందస్తు అనుమతి గురించి. డాక్టరు మందు రాశాక, అది నిజంగా అవసరమేనా అని బీమా కంపెనీ ఆరా తీసే తతంగం ఉంది చూడు, దాని గురించే.

నేలమాళిగలో మాకో గది ఇచ్చారు. నెత్తిమీద ఆవిరి గొట్టాలు, కింద బూజు వాసన. గోడ నిండా ఫారాలు అంటించింది థర్లో. రాష్ట్రంలో ఎన్ని కంపెనీలుంటే అన్ని రకాలు. ఒకదానికి రోగి బరువు కిలోల్లో కావాలి, ఇంకోదానికి పౌండ్లలో. ఒకటి డాక్టరు ఫ్యాక్స్ నంబరు మూడుచోట్ల అడుగుతుంది, ఎక్కడైనా తేడా వస్తే పట్టుకుందామని కాబోలు. ‘ఈ మందు ఎందుకు కావాలి’ అన్న ప్రశ్న కింద మాత్రం గోరంత జాగా. వీటన్నిటికీ బదులు అందరికీ ఒకటే ఫారం ఉండాలి, రెండు పేజీలు మించకూడదు, రెండు పనిదినాల్లో జవాబు చెప్పాలి. అదీ మా బిల్లు. నా ఎద్దుల వంశవృక్షం రిజిస్టరు చేయించడానికి కూడా ఇన్ని కాగితాలు పట్టలేదంటుంది థర్లో, ఆ గోడకేసి చూసినప్పుడల్లా.

చదువు అయ్యాక చేసిన ఉద్యోగాలన్నిట్లోకీ ఇందులోనే నాకు పొద్దున్నే లేవాలనిపిస్తోంది. నీ కళ్లెలా ఉన్నాయి? బావని అడిగానని చెప్పు.

నీ
జోస్‌లీన్

*

సెయింట్ ఎలోయ్,
అక్టోబరు 16

జోస్‌లీన్ పిల్లా,

బంగాళాదుంపల కోత మొదలైంది. బళ్లు మూసేశారు, పిల్లలంతా పొలాల్లోనే. ఊళ్లో ఎక్కడ చెయ్యి పెట్టినా మట్టి. ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు నడుస్తున్నాయి. నేను బెల్టు దగ్గరే ఉన్నాను, మచ్చ దుంపలు ఏరుతూ. ముక్కలు తరిగే యంత్రంలోకి ఒక్క కుళ్లు దుంప పోతే పెట్టెడు వేపుడు ముక్కలు పారెయ్యాలి. మన వైపు కళ్లకి ఉన్న గిరాకీ అది.

కళ్లు అడిగావు కదా, చెబుతాను విను. ఈ సెప్టెంబరులో ఫ్యాక్టరీ వాళ్లు బీమా కంపెనీని మార్చారు. ఎర్ర కార్డు పోయి నీలం కార్డు వచ్చింది. కార్డు మారితే నా కంట్లో వాపేమీ మారదు కదా అనుకున్నాను. బ్యాంగర్ డాక్టరు ఆఫీసు నుంచి నా ఇంజెక్షనుకు అనుమతి అడుగుతూ ఫారం పంపారు. జవాబొచ్చింది. ముందు పాత మాత్రలు మూడు నెలలు వాడి చూడాలట. అవి పనిచెయ్యలేదని తేలాకే ఇంజెక్షను.

ఆ మాత్రలు నేను ఆరేళ్ల కిందటే వాడాను. పనిచెయ్యలేదు. నువ్వు అప్పుడు హైస్కూల్లో ఉన్నావు, నా నోటినిండా పుళ్లు పడితే చల్లటి పాలు తెచ్చిచ్చేదానివి. ఆ మాటే ఫోనులో అమ్మాయికి చెప్పాను. పాపం, మర్యాదగానే మాట్లాడింది. “అది పాత కంపెనీ ఉన్నప్పుడు పనిచెయ్యలేదండీ. మా దగ్గర పనిచెయ్యకపోవాలి” అంది.

ఎర్ర కార్డు మీద ఓడిపోయిన మందు నీలం కార్డు మీద మళ్లీ ఓడిపోవాలి. నా కళ్లతో. మీ గోడమీద ఆ కాగితం కూడా అంటించు.

మీ బావ లూసియన్ కులాసా. నీకు ఇంకా పెళ్లి కాలేదా అని అడిగాడు. మర్చిపోయాడని కాదు, నీకు ఒళ్లు మండాలని.

ఒడీల్

*

ఆగస్టా,
నవంబరు 11

అక్కా,

నీ ఉత్తరం థర్లోకి చదివి వినిపించాను. రెండోసారి చదవమంది.

ఇక్కడ పని ఎలా జరుగుతుందో చెబితే నువ్వు నమ్మవు. బల్ల చుట్టూ డాక్టర్ల సంఘం, మందుల షాపుల వాళ్లు, ఆస్పత్రుల వాళ్లు, బీమా కంపెనీల తరఫున స్ప్రౌల్ అనే పెద్దమనిషి. ఓట్లు ఉండవు. ఒక్కో వాక్యం చదువుతారు, కొట్టుకుంటారు, చివర్న థర్లో పెన్ను బల్లమీద పెట్టి ఒకటే అడుగుతుంది: “దీంతో బతకలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?” ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. వాక్యం ఖాయం. ‘మెచ్చుకున్నవాళ్లు’ అని అడగదు, గమనించావా? బతకలేనివాళ్లు. సగం బిల్లు అలా మౌనంతోనే కట్టాం.

ఈ వారం రెండు రోజుల వాక్యం దగ్గర ఆగిపోయాం. కంపెనీ రెండు పనిదినాల్లో జవాబు చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అని రాశాను. స్ప్రౌల్ గారికి అది మింగుడుపడలేదు. మంచి మనిషే, ప్రతి సమావేశానికీ డోనట్లు తెస్తాడు, నా పేరు సరిగ్గా పలుకుతాడు. మౌనాన్ని అంగీకారం అనడం న్యాయం కాదు కదమ్మా అన్నాడు నాతో, చాలా బాధగా. అంతకు పది నిమిషాల ముందే ఆయన మౌనంతో నాలుగు వాక్యాలు ఖాయం చేసుకున్నాం. ఆ విడ్డూరం ఆ గదిలో ఇంకెవరికైనా తట్టిందో లేదో తెలీదు.

ఆ వాక్యం బతకాలంటే కమిటీ ముందు ఒక మనిషి కావాలంటోంది థర్లో. డాక్టరు కాదు, సంఘం అధ్యక్షుడు కాదు. నిజంగా ఎదురుచూస్తున్న మనిషి. ఆవిడ నోరు తెరవకముందే నాకు తెలుసు ఎవరి పేరు చెప్పబోతోందో.

జనవరిలో రాగలవా? మూడు నిమిషాలు మాట్లాడితే చాలు.

జోస్‌లీన్

*

సెయింట్ ఎలోయ్,
నవంబరు 29

జోస్‌లీన్,

నా మొహం ఏం మాట్లాడుతుందే మంత్రులూ లాయర్లూ ఉన్నచోట? చర్చి హాల్లో భోజనాలకి పిలుపు చెప్పమంటేనే లూసియన్‌ని ముందుకు తోస్తాను నేను. నా ఇంగ్లీషులో ఫ్రెంచి మూలుగుతుంది. పైగా ఐదు గంటల ప్రయాణం, మంచులో, జీతం కోత.

కిందటి నెలలోనే మాత్రలు మొదలుపెట్టాను. వారానికోసారి, శనివారం వేసుకుంటే సోమవారం దాకా వాంతులు. జుట్టు దువ్వెనకొస్తోంది. లూసియన్ ప్లోయ్ అట్లు పోసిపెట్టాడు, ఆ వేయించిన పిండి వాసనకే తలుపు తీసుకుని బయటికి పరిగెత్తాను. తన చేతివంట మీద ఇంతకంటే ఘోరమైన మాట ఎవరూ అనలేదట. కుడికంట్లో పొగ మొదలైంది. దీపం చుట్టూ గుడిలా కడుతోంది. బెల్టు మీద దుంపలు వస్తుంటే మచ్చేదో నీడేదో తేల్చుకోడానికి ఒక క్షణం పడుతోంది. బెల్టు ఆ క్షణం ఆగదు.

రమ్మంటే వస్తానే. నువ్వు అడిగితే రానని ఎప్పుడన్నా అన్నానా? కాని ఒక్క సంగతి తెలియాలి నాకు. ఈ చట్టం వస్తే నా ఇంజెక్షను నాకొస్తుందా? రెండు రోజుల్లో జవాబు చెప్పకపోతే ఇచ్చినట్టే అన్నావు కదా, అది నా నీలం కార్డు వాళ్లు కూడా వినాలా? డాక్టరు కుడికన్ను ఎక్కువ రోజులు ఆగదంటున్నాడు. అవును, కాదు, ఒక్క మాట రాయి. మిగతాది నేను చూసుకుంటాను.

ఒడీల్

*

ఆగస్టా,
డిసెంబరు 17

నా బంగారు అక్కా,

నువ్వొస్తానన్నావని చెబితే థర్లో నన్ను కౌగిలించుకుంది. ఆవిడ దగ్గర గడ్డి వాసన వస్తుంది, నీకు నచ్చుతుంది.

అన్నీ సర్దాను. ముందురోజే వచ్చేసి నా గదిలో పడుకోండి, సోఫా బావకి. కారు శాసనసభ వెనక పెట్టుకోండి, ముందు పెడితే లాక్కుపోతారు. నీలం స్వెటరు వేసుకో, జుట్టు పలచబడితే పడనీ, టోపీ వద్దు. మాట్లాడేటప్పుడు ఎదురుగా చిన్న దీపం ఉంటుంది, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మూడు నిమిషాలు అయిపోయి ఎరుపు వచ్చినా ఆగకు, నిన్ను ఆపేవాళ్లెవరూ ఆ కమిటీలో లేరు. కాగితం చూసి చదవొద్దు. నాకు రాసినట్టే చెప్పు, ఎర్ర కార్డు మీద ఓడిన మందు నీలం కార్డు మీద మళ్లీ ఓడాలన్న మాట తప్పకుండా చెప్పు.

ఇది ఎంత పెద్ద పనో నీకు తెలీదు. ఈ చట్టం వస్తే ఈ రాష్ట్రంలో ఏ మనిషీ జవాబు రాని ఫ్యాక్సు కోసం కళ్లు కాయలు కాసేలా చూడనక్కర్లేదు. పొగ గురించి డాక్టరుకి చెప్పావా? చుక్కల మందు మానకు. దారిలో మంచు ఎక్కువైతే బ్యాంగర్‌లో ఆగండి, తొందరపడొద్దు.

ముద్దులతో,
నీ జోస్‌లీన్

*

సెయింట్ ఎలోయ్,
జనవరి 31

చెల్లీ,

క్షేమంగా చేరాం. దారిపొడవునా లూసియన్ నన్ను ‘సెనేటరు గారూ’ అని పిలిచాడు. పెట్రోలు బంకులో కాఫీ తెచ్చిచ్చి, సంతకం కావాలన్నాడు.

నాకు ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. దీపం ఎర్రగా అయిందని మాత్రం గుర్తు, ఎందుకంటే నా కుడికంటికి అది కొలిమిలా పెద్దగా కనిపించింది. ఆ మాటే వాళ్లతో చెప్పేశాను. “మీ దీపం నాకు బండి చక్రమంత ఉంది, ఆగమంటున్నారని తెలుస్తోంది, కాని నేను నాలుగు నెలలు ఆగాను” అన్నాను. అప్పుడు ఆ చివర కూచున్న ముసలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాకేమీ పెద్ద మాటలా అనిపించలేదు. బయటికొచ్చాక నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. నిన్ను ఆ కోటులో, మెడలో ఆ ఉద్యోగపు బిళ్లతో చూసి, అమ్మ ఉంటే బాగుండుననుకున్నాను.

ఆ స్ప్రౌల్ నాకు నీళ్లు తెచ్చిచ్చాడు. శత్రువు చేతి నీళ్లు కూడా చల్లగానే ఉన్నాయి. ఏ ఊరు, ఎక్కడ పని అని అడిగాడు. దుంపల ఫ్యాక్టరీ అనగానే ‘ఓ’ అని ఊరుకుని నీ వైపు చూశాడు. తరవాత నా చెయ్యి చాలాసేపు పట్టుకున్నాడు. ఎందుకో జాలిపడ్డట్టు అనిపించింది.

మాత్రలు మూడు నెలలూ పూర్తయ్యాయి. పనిచెయ్యలేదు. డాక్టరు మళ్లీ ఫారం పంపాడు. ఈసారి జవాబేమిటో తెలుసా? పాత మాత్రలు రెండు రకాలట. రెండో రకం కూడా ఓడాలి.

ఒడీల్

*

ఆగస్టా,
ఏప్రిల్ 20

అక్కా,

నెగ్గింది. రెండు ఓట్ల తేడాతో నెగ్గింది. ఆ చివరన కూచున్న ముసలాయన, బీమా వాళ్ల వైపు మనిషి, ఆఖరి నిమిషంలో మనవైపు చెయ్యెత్తాడు. సభలో లేచి, నాకు ఒక స్త్రీ చక్రమంత దీపం గురించి చెప్పింది అన్నాడు. అంతే, ఇంకేమీ అనకుండా కూచున్నాడు. థర్లో బూట్లతో నేలని ఒక్క తన్ను తన్నింది.

పత్రిక కత్తిరించి పంపుతున్నాను. దీనికి ‘ఒడీల్ చట్టం’ అని పేరు పెట్టారు. నేను పెట్టలేదు, విలేకరి పెట్టాడు. ఇప్పుడు అందరూ అలాగే అంటున్నారు. స్ప్రౌల్ కూడా. రెండు రోజుల వాక్యం ఒక్క కామా కూడా పోకుండా ఉంది. జులైలో అమల్లోకి వస్తుంది. నన్ను కమిటీ మొత్తానికి సలహాదారుగా తీసుకుంటామంటున్నారు. నేను రాసిన వాక్యం పుస్తకంలో అచ్చవుతుందంటే, నవ్వొస్తోంది, నిద్ర రావడం లేదు.

నీ కళ్ల సంగతి రాయి.

జోస్‌లీన్

*

సెయింట్ ఎలోయ్,
మే 9

జోస్‌లీన్,

పత్రిక ముక్కని చర్చి హాలు తలుపుకి అంటించారు. ఫ్యాక్టరీలో నా అలమర మీద ఎవరో సుద్దతో ‘చట్టం గారు’ అని రాశారు. ఫోర్‌మన్ కూడా నవ్వాడు. నవ్వాడు గాని నన్ను బెల్టు మీంచి తీసేశాడు. పెట్టెలు మడిచే చోట వేశాడు. చేత్తో తడిమి చేసే పని. వాడి తప్పు లేదు. మచ్చ దుంపలు మూడు జారవిడిచాను.

రెండో రకం మాత్రలూ ఓడాయి. కంపెనీ ఇంకా పరిశీలిస్తున్నాం అంటోంది. జనవరిలో కాదన్నదాని మీద కంపెనీకే అప్పీలు వేద్దామంది డాక్టరు ఆఫీసులో అమ్మాయి. దానికి నేను మళ్లీ బ్యాంగర్ వెళ్లి కంటి ఫొటోలు తీయించుకోవాలి, డాక్టరు గారు కంపెనీ డాక్టరుతో ఫోనులో కూచోవాలి, నాకు ఇంకో రెండు రోజుల జీతం పోవాలి. వద్దులే తల్లీ అన్నాను. జులైలో మా చట్టం వస్తోంది, రెండు నెలలు ఆగి కొత్త ఫారం మీదే వేద్దాం, రెండు రోజుల్లో తేలిపోతుంది అన్నాను. ‘మా చట్టం’ అంటుంటే నాకే సిగ్గేసింది. కొంచెం గర్వం కూడా.

ఒడీల్

*

(పోస్టుకార్డు)
ఆగస్టా, మే 14

అక్కా, పనుల్లో మునిగిపోయాను. అప్పీలు కూడా వేసి ఉంచితే మంచిదని నాకనిపిస్తోంది. ఎందుకైనా మంచిది కదా. బావని తీసుకెళ్లమను. – జో.

*

సెయింట్ ఎలోయ్,
జులై 28

జోస్‌లీన్‌కి,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే లూసియన్ రాస్తున్నాడు. గీత మీద నిలబడటం లేదు నా అక్షరాలు.

చట్టం వచ్చిన రోజే డాక్టరు ఆఫీసు నుంచి కొత్త ఫారం పంపారు. ఆ అమ్మాయి నాకు ఫోను చేసి మరీ చెప్పింది, “ఒడీల్ గారూ, మీ ఫారం మీద మీకే మొదటిది” అని. చాలా తేలిగ్గా ఉందట, కాఫీ చల్లారే లోపల నింపేసిందట. రెండు రోజులు గడిచాయి. జవాబు లేదు. జవాబు లేకపోతే ఇచ్చినట్టే కదా అని మందుల షాపుకి వెళ్లాను. షాపులో మిషను ఒప్పుకోలేదు. వారం ఆగి నేనే కంపెనీకి ఫోను చేశాను. పాట విన్నాను. ఒకమ్మాయి ఎత్తింది.

నేను చట్టం పేరు చెప్పాను. నా పేరని చెప్పలేదు.

ఆ అమ్మాయి కంప్యూటర్లో చూసి, “మేడమ్, మీ ప్లానుకి ఆ చట్టం వర్తించదు” అంది.

నీలం కార్డు నా చేతిలోనే ఉంది, మీ పేరే ఉంది దాని మీద అన్నాను.

“కార్డు మాదేనండీ, డబ్బు మాది కాదు. మీ ఫ్యాక్టరీ వాళ్లు బీమా కొనుక్కోలేదు. మీ బిల్లులు వాళ్లే సొంతంగా కడతారు. మేం కాగితాలు చూసిపెడతాం, అంతే. అలాంటి ప్లాన్లు కేంద్రం కిందకొస్తాయి. రాష్ట్రం చట్టాలు వాటిని ముట్టుకోవు.”

ఇది మొన్నెప్పుడో మారిందా అని అడిగాను.

“లేదండీ, మొదటినుంచీ అంతే.”

ఫ్యాక్టరీలో ఈ సంగతి ఒక్కరికీ తెలీదు. అందరి జేబుల్లోనూ నీలం కార్డే, అందరం బీమా ఉందనుకుంటున్నాం. ఫోర్‌మన్‌ని అడిగితే వాడు తన కార్డు తీసి వెనకా ముందూ తిప్పి చూసుకున్నాడు.

కుడికంట్లో నడిమధ్య బూడిద రంగు మచ్చ పడింది. డాక్టరు ఇప్పుడు అప్పీలు వేశాడు.

నీకు తెలుసా? తెలిస్తే ఎప్పట్నుంచి?

ఒడీల్

*

ఆగస్టా,
ఆగస్టు 2

అక్కా,

తెలుసు. డిసెంబరు నుంచి.

నవంబరు ఆఖర్న నువ్వు రాసిన ప్రశ్న చదివాక రాష్ట్రం బీమా విభాగానికి ఫోను చేశాను. నాకూ అంతవరకు తెలీదు, నేనూ కార్డు చూసే మోసపోయాను. అక్కడ ఫోనెత్తిన మనిషి నీ ఫ్యాక్టరీ పేరు విని వెంటనే చెప్పేశాడు. ఆరోజు నీకు మూడు ఉత్తరాలు రాసి చించేశాను. నాలుగోది పంపాను. సోఫా గురించి, స్వెటరు గురించి.

థర్లోకి చెప్పాను. నీ అక్కకి నువ్వే చెప్పుకోవాలి, నేను చెప్పలేను అంది. నీది ఆ దుంపల ఫ్యాక్టరీ అని స్ప్రౌల్‌కి నువ్వు చెప్పేదాకా తెలీదు. ఆ హాల్లో అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా మెడ మీద ఉంది.

నువ్వు రాకపోతే బిల్లు పోయేది. రెండు ఓట్లు. ఆ ముసలాయన నీ వల్లే చెయ్యెత్తాడు. ఈ నాలుగు వారాల్లో ఈ రాష్ట్రంలో ఎంతమందికి రెండు రోజుల్లో మందు అందిందో నా దగ్గర లెక్క ఉంది, రాయను, రాస్తే నీ కన్నుకి వెల కట్టినట్టుంటుంది. నీకు చెబితే రావనుకున్నాను. నువ్వు ఒకసారి అడిగావు. నేను జవాబు రాయలేదు. నువ్వు మళ్లీ అడగలేదు. ఆ గదిలో పడిన అలవాటేనేమో, ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. నీకు లోలోపల తెలిసే వచ్చి ఉంటావులే అని కూడా అనుకున్నాను ఒక్కోసారి, సుఖంగా నిద్ర పట్టడానికి. మేలో నువ్వు అప్పీలు వదిలేశానంటే పోస్టుకార్డు రాశాను. పోస్టుకార్డే రాశాను, కారెక్కి రాలేదు.

మీ ఫ్యాక్టరీ మేనేజరుకి థర్లో స్వయంగా ఫోను చేస్తానంది. చెయ్యమన్నాను. నేను శనివారం బయల్దేరి రానా? ఒక్క మాట రాయి.

జోస్‌లీన్

*

సెయింట్ ఎలోయ్,
సెప్టెంబరు 25

జోస్‌లీన్,

మళ్లీ కోత మొదలైంది. లూసియన్ పొలాల్లోకి వెళ్లాడు, ఇది పక్కింటి క్లోడెట్ సిర్ కూతురు రాసిపెడుతోంది. చక్కటి చేతిరాత. ఇందులో ఏం రాసినా ఎవరికీ చెప్పనని ఒట్టేసింది.

నీ ఉత్తరం లూసియన్ భోజనాల బల్ల దగ్గర చదివి వినిపించాడు. ‘డిసెంబరు నుంచి’ అన్నచోట ఆగాడు. చదవమన్నాను. చివరిదాకా చదివి, మడిచి, ఉప్పు గిన్నె కింద పెట్టి, ఆవులు లేకపోయినా కొట్టంలోకి వెళ్లిపోయాడు.

నేను మళ్లీ ఎందుకు అడగలేదో తెలుసా? నువ్వు సోఫా గురించి రాశావు. అంటే అవునన్నమాట అనుకున్నాను. కాదనే మాటైతే నా చెల్లెలు ముందు అదే రాస్తుంది అనుకున్నాను. కంపెనీ వాళ్లు జవాబు చెప్పకపోతే మళ్లీ మళ్లీ అడుగుతాను. నిన్ను అలా అడగాలని నాకు తట్టలేదు.

ఇంజెక్షను వచ్చింది. మీ ఫారం వల్ల కాదు, మేనేజరు వల్లా కాదు. మామూలు అప్పీలు మీద, ఆరు వారాలకి. మేలో వేసి ఉంటే జూన్ ఆఖరుకి వచ్చేదని డాక్టరు ఆఫీసులో అమ్మాయి అనబోయి నాలుక కరుచుకుంది. ఎడమకన్ను నిలబడుతుందట. కుడిది పోయింది. చీకటి కాదు. మనిషి ఎదురుగా ఉంటే చెవులు కనిపిస్తాయి, భుజాలు కనిపిస్తాయి, మధ్యలో మొహం ఉండదు. అలవాటవుతుందన్నాడు డాక్టరు.

నిన్న చర్చి హాల్లో కోత భోజనాలు. క్లోడెట్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. క్లోడెట్ బళ్లో పనిచేస్తుంది కదా, వాళ్లది నిజం బీమానేనట. వాళ్ల చిన్నాడికి ఉబ్బసం మందు కావాల్సొస్తే, కిందటేడు ఏడు వారాలు పట్టింది, ఆస్పత్రిలో పడ్డాడు. ఈసారి మంగళవారం ఫారం పోయింది, గురువారం మందు ఇంట్లో ఉంది. నీ వల్లే ఒడీల్, నీ వల్లే అని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు ఆవిడ మొహం కనిపించలేదు. చేతులు వెచ్చగా ఉన్నాయి. సంతోషం అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే సంతోషం. ఆ కుర్రాడు నా ముందే అన్నం తిని గంతులేశాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. ఈ పిల్ల రాయలేక ఆగింది, రాయమన్నాను.

నువ్వు డిసెంబరులో, ‘అక్కా, ఇది నీకు అందదు, అయినా వస్తావా’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే, నేను మూడు రోజులు అలిగేదాన్ని. లూసియన్ మీద గిన్నెలు విసిరేదాన్ని. నిన్ను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. అప్పీలు కూడా టైముకి వేసేదాన్ని. నాలుగో రోజు నీలం స్వెటరు సర్దుకుని వచ్చేదాన్ని. క్లోడెట్ కొడుకు కోసమైనా వచ్చేదాన్ని. రానని ఎలా తేల్చేశావే? ఇన్నేళ్లు నా పక్కలో పడుకున్నదానివి.

ఇప్పుడు క్లోడెట్ నా చేతులు పట్టుకుంటే, ఆ పని నేను చేశానని చెప్పుకోలేకపోతున్నాను. నాకు తెలీకుండా నా చేత ఎవరో చేయించినట్టుంది. జీవితంలో నేను చేసిన ఒక్క పెద్ద పని అది.

కన్ను పోవడం కంపెనీ చేసింది, ఫ్యాక్టరీ చేసింది, నా తెలివితక్కువతనం కూడా కొంత. అది నీ మీద వెయ్యను. ఆ ఒక్క పెద్ద పనిని మాత్రం నా చేతుల్లోంచి నువ్వే తీసుకున్నావు.

శనివారం రానా అని అడిగావు. నేను జవాబు రాయలేదని ఒప్పుకున్నట్టు అనుకుంటావేమోనని ఇప్పుడు రాస్తున్నాను. రావద్దు.

ఒడీల్